ఇండియా క్యాప్ ఎలా వస్తుంది? ఈత పిల్లలు, పెద్దల ప్రశ్నలు

జూనియర్ నేషనల్స్ దగ్గరపడుతున్నాయంటే బెంగళూరు తెలుగువాళ్ల ఇళ్ల నుంచి ఈత ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి అంతర్జాతీయ యువ పోటీలకు సంబంధించినవే ఏరి వేస్తున్నాం. ఒకే సంగతి నలుగురు అడిగినచోట ఒక్క ఉత్తరంతో సరిపెట్టాం.

మా బాబుకు 13 ఏళ్లు. ఒక సంస్థవాళ్లు పూల్‌కి వచ్చి, బ్యాంకాక్‌లో అంతర్జాతీయ యువ ఈత పోటీ ఉందనీ, ఇండియా టీమ్‌లో చోటిస్తామనీ, లక్షా నలభై వేలు కట్టమనీ చెప్పారు. టీషర్ట్ మీద జెండా ఉంటుందట. నమ్మవచ్చా? (ఒక తల్లి, మారతహళ్లి)

డబ్బు కట్టకండి. ముందు వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "మా అబ్బాయిని ఎంపిక చేసినట్టు స్విమ్మింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఇచ్చిన ఉత్తరం చూపిస్తారా?" ఈతలో భారత జట్టును ఎంపిక చేసే అధికారం ఆ ఒక్క ఫెడరేషన్‌దే. ఏ అకాడమీకీ, ఏ ట్రావెల్ ఏజెన్సీకీ, ఏ ట్రస్టుకీ అది లేదు. జెండా ముద్రించిన టీషర్ట్ ఏ దుకాణంలోనైనా కుట్టించుకోవచ్చు.

అసలు దారి ఇలా సాగుతుంది. బాబు ఒక గుర్తింపు ఉన్న క్లబ్ ద్వారా కర్ణాటక స్విమ్మింగ్ అసోసియేషన్‌లో, దాని ద్వారా ఫెడరేషన్‌లో నమోదవుతాడు. రాష్ట్ర మీట్‌లో టైమ్ చేస్తే రాష్ట్ర జట్టుతో సబ్ జూనియర్ లేదా జూనియర్ నేషనల్స్‌కు వెళ్తాడు. అక్కడి స్థానం, టైమ్ చూసి, ఆ ఏడాది ఎంపిక నిబంధనల ప్రకారం ఫెడరేషన్ పేర్లు ప్రకటిస్తుంది. జట్టుకు క్రీడా మంత్రిత్వ శాఖ అనుమతి కూడా కావాలి. ఆ జట్టు వెళ్లే పోటీలు చాలావరకు వేళ్ల మీద లెక్కపెట్టేవే: వరల్డ్ అక్వాటిక్స్ జూనియర్ ఛాంపియన్‌షిప్స్ (2006లో రియోలో మొదలైంది, 2025లో రొమేనియాలోని ఒటోపెనిలో జరిగింది), ఆసియా ఏజ్ గ్రూప్ పోటీలు, యూత్ ఒలింపిక్స్, కామన్వెల్త్ యూత్ గేమ్స్, ఆసియా యూత్ గేమ్స్. ఆసియా ఏజ్ గ్రూప్ పోటీలు 2019లో మన బెంగళూరులోనే జరిగాయి.

ఇవి కాక థాయ్‌లాండ్, సింగపూర్, దుబాయ్ లాంటి చోట్ల ఓపెన్ ఏజ్ గ్రూప్ మీట్లు జరుగుతాయి. వాటిలో తప్పేమీ లేదు. మంచి పూల్, బలమైన పోటీ, కొత్త వాతావరణం దొరుకుతాయి. కాకపోతే అక్కడ పిల్లవాడు ఈదేది క్లబ్ తరఫున. కాబట్టి అడగాల్సిన రెండో ప్రశ్న: "రిజల్ట్ షీట్‌లో మావాడి పేరు పక్కన ఏముంటుంది?" అనుభవం కోసం పంపాలనుకుంటే ఆ మాట తెలిసే పంపండి, బయల్దేరేముందు రాష్ట్ర సంఘం ద్వారా ఫెడరేషన్ అనుమతి అడగండి. ఇంటర్వ్యూల్లో మాత్రం "దేశానికి ప్రాతినిధ్యం" అని చెప్పించకండి. ఆ మాటకు నిజంగా అర్హులైన పిల్లలకు అది అన్యాయం.

ఇంకో చిక్కుంది. నిజమైన భారత జట్టుకు ఎంపికైనా కొన్నిసార్లు ఖర్చు కుటుంబమే పెట్టుకోవాల్సి రావచ్చు. ప్రభుత్వానికి ఖర్చు లేని పద్ధతిలో అనుమతిచ్చే ఆనవాయితీ ఉంది. అంటే డబ్బు అడిగినంత మాత్రాన మోసమని అనలేం, ఎవరు అడుగుతున్నారో చూడాలి. ఫెడరేషన్ ఉత్తరంతో, ఫెడరేషన్ ఖాతాకు అడిగితే ఒక లెక్క. ఎవరిదో సొంత ఫోన్ నంబరుకు యూపీఐ చేయమంటే ఇంకో లెక్క.

మా అబ్బాయి 100 మీటర్ల ఫ్రీస్టైల్ మా క్లబ్ 25 మీటర్ల పూల్‌లో 55.4 సెకన్లు. నేషనల్స్‌లో 58 వచ్చింది. వాడు భయపడ్డాడా, కోచ్ ఏమైనా తప్పు చేశారా? (ఒక తండ్రి, జయనగర)

ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. ఆ రెండు అంకెలూ దాదాపు ఒకే ఈత.

25 మీటర్ల పూల్‌లో వందకు మూడు టర్నులు, 50 మీటర్ల పూల్‌లో ఒక్కటే. టర్నులో గోడను కాళ్లతో తన్ని బయల్దేరినప్పుడు ఉండే వేగం చేతులతో ఈదే వేగం కంటే ఎక్కువ. రెండు టర్నులు తగ్గితే ఈ వయసులో రెండు సెకన్ల దాకా పోతుంది. పైగా క్లబ్‌లో స్టాప్‌వాచ్ పట్టేది మనిషి. స్టార్ట్ శబ్దం విని బొటనవేలు నొక్కేసరికి రెండు మూడు పదో వంతులు ఆలస్యమవుతుంది. ముగింపు మాత్రం ముందే కనిపిస్తుంటుంది కాబట్టి అక్కడ ఆలస్యం కాదు. అందుకే చేతి టైమింగ్ ఎప్పుడూ పిల్లవాణ్ని వేగవంతుడిగా చూపిస్తుంది. ఈ రెండూ కలిపితే మీ తేడా తేలిపోయింది.

అంతర్జాతీయ జూనియర్ పోటీల అర్హత టైములు 50 మీటర్ల పూల్‌లో, గుర్తింపు పొందిన మీట్‌లో చేసినవే చెల్లుతాయి. ఇందులో ఎంత పట్టింపు ఉంటుందో మన బెంగళూరు కుర్రాడు శ్రీహరి నటరాజ్ సంగతే చెబుతుంది. 2021 జూన్‌లో రోమ్‌లో 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ 53.77 చేశాడు. టోక్యో ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే 'ఏ' టైమ్ 53.85. అంకె దాటినా, అది టైమ్ ట్రయల్‌లో, అంటే మామూలు రేసులో కాక విడిగా టైమ్ కోసమే ఈదినప్పుడు చేసింది కావడంతో అంతర్జాతీయ సమాఖ్య ఆమోదించేదాకా బెర్తు ఖరారు కాలేదు. అంత పెద్ద ఈతగాడికే అలా ఉన్నప్పుడు, అపార్ట్‌మెంట్ పూల్‌లో స్టాప్‌వాచ్ టైమును ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాం. వారంలో కనీసం రెండు పూటలు 50 మీటర్ల లేన్ దొరికే పూల్‌కి మారండి. చిన్న పూల్ పిల్లలకు పెద్ద పూల్‌లో 30 మీటర్లు దాటాక అలుపు వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఒళ్లు అక్కడ గోడ కోసం ఎదురుచూస్తుంది. స్ట్రోకులు లెక్కపెట్టించండి. మొదటి 50లో 38, రెండో 50లో 45 వస్తుంటే చేతులు జారిపోతున్నాయని అర్థం. బలం లేక కాదు, నీళ్లను పట్టకుండా తోసేస్తున్నాడు. మూడు వారాలు ఆ రెండో అంకెను తగ్గించే పనే పెట్టుకోండి, టైమ్ జోలికి వెళ్లకండి.

టచ్‌ప్యాడ్ సంగతీ చూసుకోండి. చేయి తగలగానే టైమ్ నమోదు చేసేందుకు గోడకు తగిలించే ఆ ప్యాడ్ 2.4 మీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అందులో 30 సెంటీమీటర్లు నీటి పైన, 60 నీటి లోపల. మెత్తగా తాకితే నమోదు కాదు. చివరి స్ట్రోక్ కుదరక, చేయి చాచి జారుతూ వచ్చి గోడను నిమిరే పిల్లలు చాలామంది ఉన్నారు. వేళ్లు గట్టిగా, తల దించి, మోచేయి చాచి ప్యాడ్‌ను గుద్దాలి. రోజూ ప్రాక్టీస్‌లో ఆఖరి గోడ అలాగే ముట్టించండి.

పాప అమెరికాలో పుట్టింది. ఓసీఐ కార్డు ఉంది. మేమిద్దరం భారత పౌరులమే, ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నాం. రాష్ట్ర స్థాయిలో బాగా ఈదుతోంది. ఇండియాకు ఆడవచ్చా? (హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్)

ఈ పాస్‌పోర్ట్‌తో ఆడటం కుదరదు. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లే దేశం తరఫున ఆడాలని క్రీడా మంత్రిత్వ శాఖ 2008లో తేల్చి చెప్పింది, ఇప్పటికీ అదే అమల్లో ఉంది. ఓసీఐ అంటే వీసా సౌకర్యమే, పౌరసత్వం కాదు.

తల్లిదండ్రులు భారత పౌరులైతే మైనర్ బిడ్డను పౌరురాలిగా నమోదు చేసుకునే దారి 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 5లో ఉంది. కానీ మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, అమెరికాది వదులుకోవాలి. అది పాప జీవితమంతటికీ సంబంధించిన నిర్ణయం. ఒక మీట్ తేదీ చూసి తొందరపడకండి. పౌరసత్వ వ్యవహారాలు చూసే న్యాయవాదిని కలిసి, పాపతో కూడా మాట్లాడి, నిదానంగా తేల్చుకోండి. ఈలోపు ఏ స్థాయి మీట్లలో ఈదనిస్తారో రాష్ట్ర సంఘాన్ని రాతపూర్వకంగా అడగండి. నేషనల్స్‌కు రెండు వారాల ముందు పిల్లకు ఈ సంగతి తెలియడం చాలా క్రూరం. దయచేసి ఇప్పుడే చెప్పండి.

మావాడు డిసెంబర్ 28న పుట్టాడు. వయసు ఎప్పటికి లెక్క? ఇంకోటి, కర్ణాటకలో పోటీ ఎక్కువ కదా, మా సొంతూరు కర్నూలు, ఆంధ్రప్రదేశ్ తరఫున నమోదు చేయిస్తే ఇండియా అవకాశం పెరుగుతుందా? (కె.ఆర్.పురం)

ఈతలో వయసు ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి లెక్క. 2011 డిసెంబర్ 28న పుట్టిన పిల్లవాడు 2026 మొదటి తేదీ నుంచే 15 ఏళ్లవాడి కింద లెక్క, అంటే నేషనల్స్‌లో గ్రూప్ 1లో 17 ఏళ్ల కుర్రాళ్లతో ఈదాలి. నష్టమే, కానీ దానికి మార్గం లేదు. పుట్టిన తేదీ "కాస్త సర్దే" సలహా ఎవరిచ్చినా వినకండి. వయసు మోసం బయటపడితే నిషేధం పడుతుంది, పిల్లవాడి పేరు పోతుంది.

రాష్ట్రం మాటకొస్తే, ఒక్కో ఈవెంట్‌కు ఒక్కో రాష్ట్రం నుంచి పరిమితంగానే తీసుకుంటారు కాబట్టి కర్ణాటక జట్టులో చోటు దొరకడం కష్టమన్నది నిజం. ఆంధ్ర నుంచి నేషనల్స్‌కు వెళ్లడం తేలిక కావచ్చు. కానీ ఇండియా ఎంపికలో చూసేది నేషనల్స్ టైమ్, స్థానమే. కర్ణాటకలో మూడోవాడిగా ఆగిపోయే టైముతో దేశంలో మొదటి ఇద్దరిలో నిలవడం ఎలాగూ కుదరదు. ఒకసారి నమోదయ్యాక రాష్ట్రం మారాలంటే నిరభ్యంతర పత్రం, నిరీక్షణ తప్పవు. పిల్లవాడు రోజూ ఎక్కడ ఈదుతున్నాడో అక్కడే ఉంచండి.

మా అమ్మాయికి ఆస్తమా. ఇన్‌హేలర్ వాడుతుంది. జలుబు చేస్తే దగ్గు సిరప్ ఇస్తాం. డోపింగ్ పరీక్ష అంటే భయంగా ఉంది. (మహదేవపుర)

మీ భయం అనవసరమైనది కాదు. ఈ ఒక్క విషయంలో ఇంట్లో అందరూ జాగ్రత్తపడాలి.

ఇన్‌హేలర్‌తో మొదలుపెడదాం. సాల్బుటమాల్ పీల్చడం అనుమతే, అయితే 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు దాటకూడదు, ఏ 8 గంటల్లోనూ 600 మించకూడదు. ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములుంటే, 8 గంటల్లో ఆరు పఫ్‌లు. ఫార్మోటెరాల్ ఉన్న ఇన్‌హేలరైతే 24 గంటల్లో 54 మైక్రోగ్రాములు. మామూలు మోతాదుల్లో ఇబ్బంది ఉండదు. చిక్కు నెబ్యులైజర్‌తో వస్తుంది. ఆసుపత్రిలో పెట్టే ఒక సాల్బుటమాల్ రెస్ప్యూల్‌లో (నెబ్యులైజర్‌లో పోసే చిన్న మందు గొట్టం) సాధారణంగా 2.5 మిల్లీగ్రాములు, అంటే 2500 మైక్రోగ్రాములు. ఒక్కసారికే హద్దు దాటిపోతుంది. ఊపిరి ఆడనప్పుడు ఇవేవీ ఆలోచించకండి, పిల్ల ప్రాణం ముందు. చికిత్స చేయించి, ఆసుపత్రి కాగితాలన్నీ దాచి, వెంటనే చికిత్సా మినహాయింపు (వైద్య అవసరానికి నిషిద్ధ మందు వాడేందుకు ఇచ్చే అనుమతి) కోసం దరఖాస్తు పెట్టండి. అత్యవసరమైతే తర్వాత పెట్టినా పరిశీలిస్తారు. దీర్ఘకాలం వాడే నిషిద్ధ మందు ఏదైనా ఉంటే పోటీకి కనీసం 30 రోజుల ముందే పెట్టాలి.

సిరప్‌తో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన మందుల షాపుల్లో దొరికే దగ్గు సిరప్‌లలో చాలావాటిలో టెర్బుటాలిన్ ఉంటుంది. అది ఎప్పుడూ నిషిద్ధమే, పోటీ ఉన్నా లేకపోయినా. సాల్బుటమాల్ పీల్చడానికి అనుమతి ఉందని సిరప్‌గా తాగకూడదు, నోటి ద్వారా అది నిషిద్ధం. సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు ఒక్కొక్కటీ చదవండి. పేరు పలకడం రాకపోతే ఫోటో తీసి డాక్టర్‌కు పంపండి. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటే పోటీ సమయంలో పరిమితి ఉంది. ప్రెడ్నిసలోన్ మాత్రలు పోటీ సమయంలో నిషిద్ధం. "పోటీ సమయం" అంటే ఈదే గంట కాదు, ముందు రోజు రాత్రి 11:59 నుంచే మొదలవుతుంది.

"ఆయుర్వేదమే కదా" అన్న మాట కూడా చెల్లదు. ఒంట్లో ఏముందో దానికి ఆటగాడే బాధ్యుడు, ఎలా వచ్చిందన్నది తర్వాతి మాట. బలం పొడులు, బరువు పెంచే డబ్బాలు, చూర్ణాలు, వీటిలో రాయకుండా కలిసినవి ఉండవచ్చు. 14 ఏళ్ల పిల్లకు వీటిలో ఒక్కటీ అవసరం లేదు.

పరీక్షకు పిలిస్తే కంగారుపడనివ్వకండి. మైనర్ కాబట్టి వెంట ఒక పెద్దవాళ్లు ఉండవచ్చు. తోడు ఎవరో టీమ్ మేనేజర్‌తో ముందే మాట్లాడుకోండి. కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం కావాలి, ఏ, బీ అని రెండు సీసాల్లో పోసి మూత బిగిస్తారు. సీలు తెరిచిన నీళ్ల సీసా పక్కన పెట్టి వెళ్లి మళ్లీ తాగవద్దని నేర్పండి. ఫారంలో గత ఏడు రోజుల మందులన్నీ రాయాలి, అందుకే పిల్ల బ్యాగులో ఒక చిన్న పుస్తకం పెట్టి, వేసుకున్న ప్రతి మాత్ర తేదీతో రాయించండి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధ జాబితా ఏటా జనవరి 1న మారుతుంది, పోయినేడాది చూసింది ఈ ఏటికి పనికిరాదు.

నేను 15 ఏళ్ల అమ్మాయిని. 100 బ్రెస్ట్‌స్ట్రోక్, 200 మెడ్లీ (నాలుగు రకాల ఈతలూ కలిపింది) ఈదుతాను. మొదటిసారి ఇండియా జట్టులో వచ్చాను. అక్కడ ఏం వేరుగా ఉంటుంది? (యలహంక)

అభినందనలు తల్లీ. వివరంగా చెబుతాం, కోచ్‌తో కూర్చుని చదువు.

మొదట పూల్. లోతు మూడు మీటర్ల దాకా ఉంటుంది. అడుగున గీత దూరంగా, మసకగా కనిపిస్తుంది, నువ్వు నెమ్మదిగా వెళ్తున్నట్టు అనిపిస్తుంది. అది కంటి మాయ. మొదటి రోజే ఒక గంట అలవాటు చేసుకో. వార్మప్‌లో నీళ్లలోకి కాళ్లతోనే దిగాలి, డైవ్ చేయడానికి వేరే లేన్లు, వేరే సమయం కేటాయిస్తారు. ఆ సమయం ముందే రాసుకో. పెద్ద పోటీల్లో ఒక్కో లేన్‌లో పదిహేను మంది ఉండవచ్చు, చేతులు తగులుతాయి, విసుక్కోకు. నీకు సుమారు 1200 మీటర్లు చాలు: 400 తేలికగా, నాలుగు వందలు డ్రిల్, కిక్ కలిపి, ఆరు 50లు క్రమంగా వేగం పెంచుతూ, నాలుగు 15 మీటర్ల స్ప్రింట్లు, చివర్లో కాస్త సడలింపు. తర్వాత ఒంటికి జాకెట్, కాళ్లకు సాక్సు.

ఈవెంట్‌కు ఇరవై నిమిషాల ముందే కాల్ రూమ్‌లో, అంటే రేసుకు ముందు ఈతగాళ్లను కూర్చోబెట్టే గదిలో ఉండాలి. మొదటిసారి వెళ్లే మన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే అని మా అభిప్రాయం. కోచ్ లోపలికి రాడు, ఫోన్ ఉండదు. స్విమ్ సూట్ మీద ఆమోద ముద్ర, క్యాప్ మీద గుర్తుల సైజు చూస్తారు. కుర్చీల్లో ఎనిమిది మంది, ఎదురుగా నీకంటే అర అడుగు పొడవున్న అమ్మాయిలు. ఏసీ చలికి వేడెక్కించిన కండరాలు చల్లారిపోతాయి. కూర్చోకు, నిలబడు. చేతులు ఊపు, చీలమండలు తిప్పు. కళ్లు నీ బ్లాక్ మీద పెట్టే అలవాటు ఇప్పుడే చేసుకో. యలహంకలో ప్రాక్టీస్ అయ్యాక జాకెట్ వేసుకుని ఇరవై నిమిషాలు ఎవరితో మాట్లాడకుండా గడిపి, వెంటనే ఒక 100 ఈది చూడు. వారానికోసారి చేస్తే చాలు.

ఇక విజిళ్లు. చిన్న విజిళ్లు వరసగా వినిపిస్తే బట్టలు తీసి సిద్ధం కావాలి. పొడవు విజిల్‌కు బ్లాక్ ఎక్కాలి. "టేక్ యువర్ మార్క్స్" అనగానే ఒక పాదమైనా బ్లాక్ ముందు అంచున పెట్టి కదలకుండా ఉండాలి. శబ్దానికి ముందు కదిలితే అంతే, రెండో అవకాశం లేదు. గ్యాలరీలో అరుపులకు తొందరపడే పిల్లలు ఇక్కడ పోతారు.

బ్రెస్ట్‌స్ట్రోక్‌లో నీ ప్రమాదం నీటి కింద. డైవ్ తర్వాతా, ప్రతి టర్న్ తర్వాతా ఒకే ఒక్క డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్లూ కలిపి ఊపడం), అదీ మొదటి బ్రెస్ట్ కిక్‌కు ముందే. రెండోది చిన్నదైనా తప్పే, కొందరికి తొందరలో నడుము దానంతటదే ఊగుతుంది. చేతులు ఒక్కసారి తొడల దాకా లాగవచ్చు. తర్వాత రెండో స్ట్రోక్‌లో చేతులు బాగా విచ్చుకుని లోపలికి తిరిగే లోపే తల నీటి పైకి రావాలి. టర్న్‌లో, ముగింపులో రెండు చేతులూ ఒకేసారి, విడివిడిగా తాకాలి. ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు. ఇక్కడ కొన్ని మీట్లలో చూసీచూడనట్టు వదిలేసేవి అక్కడ వదలరు, ప్రపంచ పోటీల్లో నీటి కింద కెమెరాలుంటాయి. మీ కోచ్‌ను నీటి కింద ఫోన్‌తో ఒక పక్కనుంచి నీ పుల్ అవుట్, అంటే నీటి కింద ఆ లాగుడూ కిక్కూ, తీయమను. పది సార్లలో పదీ శుభ్రంగా రావాలి.

మెడ్లీలో బ్యాక్‌స్ట్రోక్ నుంచి బ్రెస్ట్‌కు మారేచోట గోడను వెల్లకిలా ఉండగానే తాకాలి. తాకేలోపు భుజం నిలువు దాటి బోర్లా తిరిగితే అనర్హత. బట్టర్‌ఫ్లైలోనూ, బ్యాక్‌లోనూ తల 15 మీటర్ల లోపు పైకి రావాలి. లేన్ తాడు మీద రంగు మారే గుర్తు ఉంటుంది, దానికి ఒక మీటరు ముందే లేచే లెక్క పెట్టుకో.

హీట్స్ (తొలి రౌండ్లు) పొద్దున, సెమీఫైనల్స్, ఫైనల్స్ సాయంత్రం. సెమీస్ వస్తే పొద్దున ఈత అవ్వగానే 800 మీటర్లు నెమ్మదిగా ఈది, తిని, రెండు గంటలు పడుకో. రాకపోయినా ఆ 800 ఈదు, మర్నాడు మెడ్లీ ఉండొచ్చు కదా.

ఇరవై ముప్పై వేల రేసింగ్ సూట్ కొనాలా? (ఎలక్ట్రానిక్ సిటీ)

నేషనల్స్ ఫైనల్స్ దాకా వచ్చే 15 ఏళ్ల పిల్లలకు ఒకటి కొనవచ్చు. 11, 12 ఏళ్లవాళ్లకు వద్దు. ఆమోద ముద్ర, కోడ్ ఉన్న లేబుల్ ఉందో లేదో చూసుకోండి, అబ్బాయిలకు బొడ్డు నుంచి మోకాలి పైదాకా, అమ్మాయిలకు భుజాల నుంచి మోకాలి పైదాకా మాత్రమే. జిప్ ఉండకూడదు, రెండు సూట్లు ఒకదాని మీద ఒకటి వేసుకోకూడదు, రిఫరీ ఒప్పుకోనిదే టేపు చుట్టకూడదు. బిగుతు పది పదిహేను రేసుల్లో పోతుంది, కాబట్టి ప్రాక్టీస్‌లో వేయకండి. వేసుకోవడానికి పావుగంట పడుతుంది, గోళ్లతో లాగితే చిరుగుతుంది. గాగుల్స్ మాత్రం రెండు జతలు, ఒక క్యాప్ మీద పట్టీ పెట్టి దాని మీద రెండో క్యాప్. డైవ్‌లో ఊడవు.

మనవరాలు పోటీలకు యూరప్ వెళ్తోంది. శాకాహారి, 50 కిలోలుంటుంది. ఏం కట్టి పంపాలి? పోటీ రోజు ఏం తినాలి? (అమ్మమ్మ, కెంగేరి)

అమ్మమ్మగారూ, మీ చేతి కోవా బిళ్లలు మాత్రం ఈసారికి ఆపండి. పాల పదార్థాలు, మాంసం ప్రయాణికుల సామానులో యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. నెయ్యి కూడా అంతే. కరివేపాకు పొడి, వేయించిన అటుకులు, రవ్వ ఉప్మా పిండి నూనెతో కలిపి, ఖర్జూరాలు పంపండి. వేడినీళ్లుంటే ఉప్మా అయిపోతుంది. అన్నం, బంగాళదుంప, రొట్టె, అరటిపండు ఎక్కడైనా దొరుకుతాయి.

పోటీకి మూడు గంటల ముందు ఒంటి బరువు కిలోకు రెండు గ్రాముల పిండిపదార్థం సుమారుగా సరిపోతుంది. 50 కిలోల పిల్లకు వంద గ్రాములు, అంటే వండిన అన్నం రెండు కప్పులకు కాస్త పైన. పెరుగు అలవాటైతే పెరుగన్నమే మంచిది. ఆవకాయ, గోంగూర, శనగలు, పూరీ ఆ రోజు వద్దు. నూనె, పీచు కడుపులో నిలిచి డైవ్ కొట్టగానే పైకి తన్నుతాయి. హీట్‌కూ సెమీస్‌కూ నడుమ ఒక అరటిపండు, రెండు మూడు ఖర్జూరాలు, గుక్కెడు గుక్కెడు నీళ్లు. హోటల్‌లో కొత్తగా కనిపించినవి రుచి చూడాలనుకుంటే చివరి రేసు అయ్యాక.

ఎంపికయ్యాక ఇంకా ఎక్కువ ఈదించాలా? బోర్డు పరీక్షలతో ఢీకొంటే? (బసవనగుడి)

ఎక్కువ ఈదించకండి. వారానికి 40 కిలోమీటర్లు ఈదే పిల్లవాడైతే చివరి రెండు మూడు వారాల్లో దాన్ని మెల్లగా సగానికి తేవాలి. వేగం మాత్రం తగ్గకూడదు, రేసు వేగంతో 25లు, 50లు ఉంటూనే ఉండాలి. ఈ రోజుల్లో ఒళ్లు బరువుగా, చిరాగ్గా అనిపించడం మామూలే. దాన్ని చూసి కంగారుపడి అదనంగా ఈదించే తండ్రులే టేపర్‌ను, అంటే ఈ తగ్గింపును, పాడుచేస్తారు. అమెరికా వైపైతే గంటల తేడాకు వారం ముందే చేరడం మేలు. యూరప్‌కు మూడు రోజులు చాలు.

సీబీఎస్ఈలో జాతీయ, అంతర్జాతీయ పోటీలకు వెళ్లే 10, 12 తరగతులవాళ్లకు తేదీలు ఢీకొంటే మరో తేదీన పరీక్ష రాసే ఏర్పాటు ఉంది. అది స్కూల్ ద్వారానే, గడువులోపే అడగాలి. ఎంపిక ఉత్తరం రాగానే ప్రిన్సిపాల్ చేతికి ఒక నకలు ఇవ్వండి.

పాస్‌పోర్ట్ ఎప్పుడు చేయించాలి? మావాడి పేరు స్కూల్లో "కె. సాయి చరణ్" అని ఉంది. (ఎలక్ట్రానిక్ సిటీ)

ఈ వారమే మొదలుపెట్టండి. ఎంపికకూ ప్రయాణానికీ మధ్య కొన్నిసార్లు నెలకు మించి ఉండదు, అందులోనే వీసా. బెంగళూరులోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలున్నాయి. మైనర్‌కు తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం, అంటే అనెక్సర్ డి కావాలి. మైనర్ పాస్‌పోర్ట్ అయిదేళ్లకు లేదా 18 నిండేదాకా, ఏది ముందైతే అది. 15 దాటినవాళ్లు పదేళ్లదీ అడగవచ్చు. ఉన్న పాస్‌పోర్ట్‌కు తిరుగు ప్రయాణం నాటికి ఆరు నెలలైనా గడువు మిగలాలి.

మన ఇంటిపేర్లతోనే అసలు తలనొప్పి. జనన ధృవపత్రంలో ఒక రకం, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, స్కూల్లో ఒట్టి ఇనీషియల్, ఫెడరేషన్ నమోదులో ఇంకోలా ఉంటే ప్రతిచోటా ఆగుతారు. ఇంటిపేరును పూర్తిగా విడదీసి రాసి, సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు, గివెన్ నేమ్ గడిలో సాయి చరణ్ అని పెట్టించండి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంచకండి. ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌లకు సందర్శక వీసా ఇవ్వబోమని యూఏఈ 2022 నవంబర్‌లో ప్రకటించింది, దుబాయ్‌లో మీట్ పడితే చిక్కు రావచ్చు. ముందు ఆధార్ సరిచేయించి, దాన్నిబట్టి పాస్‌పోర్ట్, ఆ తర్వాత రాష్ట్ర సంఘంలో నమోదు పేరు మార్పించండి. క్రమం తిరగబడితే మళ్లీ మొదటికొస్తారు.